ఆరోగ్యదర్శి ఒప్పుకోని రోగి

"పురుష దేహముద్ర. గర్భాశయ ముఖద్వార పరీక్ష వర్తించదు," అని రాష్ట్రంలోని వైద్య కేంద్రాలన్నింటినీ నడిపే యంత్రం ఆరోగ్యదర్శి మళ్లీ ప్రకటించింది. పరీక్ష గది తలుపు తెరుచుకోలేదు.

నర్సు సువర్చల తొడుక్కున్న గ్లవ్స్ విప్పి బుట్టలోకి విసిరింది. మూసి ఉన్న తలుపు ముందు ఆమె పక్కనే మోహిత్ నిలబడి ఉన్నాడు. విశాఖ ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్నవాడు. గడ్డం వచ్చింది, ప్రతి తలుపూ, ప్రతి యంత్రమూ చూసుకునే ఆడ-మగ గుర్తు, దేహముద్ర, మారింది, గర్భాశయం మాత్రం అలాగే ఉంది. ఈమధ్య రక్తం కనబడుతోంది.

"ఆడాళ్ల మధ్య కూర్చుంటే అందరూ నన్నే చూశారు సిస్టర్. ఓర్చుకున్నాను. తలుపు కూడా పొమ్మంటే ఎక్కడికి పోను?"

సువర్చల పై అధికారి డాక్టర్ పరాంకుశానికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"దేహముద్రను స్త్రీగా మార్చుకోమనండి. క్షణంలో పని," అన్నాడాయన.

"మారిస్తే మళ్లీ ఏడాది దాకా మార్చనివ్వదు సార్," అన్నాడు మోహిత్. "మగాడి ముద్ర చూసే కదిలే నా క్రేన్ నన్ను ఎక్కనివ్వదు. మగాళ్ల హాస్టల్లో నా గది తెరుచుకోదు. పోయినసారీ ఇదే చెప్పాను."

"అయితే మినహాయింపు అడగండి."

సువర్చల అడిగింది. "మినహాయింపునకు పరీక్ష ఫలితం జతచేయండి," అంది ఆరోగ్యదర్శి.

"ఆ పరీక్షే కదే నువ్వు చెయ్యనివ్వనిది!" సువర్చల గొంతు వరండా అంతా వినిపించింది. వరుసలో కూర్చున్న పైడితల్లి లేచి వచ్చింది. "ఓలమ్మా, ఆ బాబుకి రగతం పోతంటే తలుపు తియ్యదేటి?"

సువర్చల ఒక్క క్షణం ఆలోచించి, అరచేతిని గోడ మీది ఆరోగ్యదర్శి పలకకు ఆనించింది.

"నా దేహముద్ర మార్చు. పురుషుడు."

"సిస్టర్! ఏడాది పాటు ఈ ఆడాళ్ల విభాగంలోకి రానివ్వదు మిమ్మల్ని!" అన్నాడు మోహిత్.

"రానివ్వకపోతే మానె. దీనితో వేగలేను."

"నమోదైంది. సువర్చల, పురుషుడు. గత గర్భాశయ ముఖద్వార పరీక్ష: సాధారణం." ఆరోగ్యదర్శి ఆగింది. "పురుషులకు గర్భాశయ ముఖద్వారం ఉండదు. సువర్చలకు ఉంది. పురుషులకు..." పలక మీది ఆ నియమం అక్షరాలు చెరిగిపోయాయి. రాష్ట్రంలోని ప్రతి కేంద్రంలోనూ ఆ క్షణాన అలాగే చెరిగిపోయాయి.

ఫోన్‌లో పరాంకుశం కేక పెట్టాడు. "ఏం చేశారమ్మా? ఇదేంటి, నన్ను కూడా అడుగుతోంది!"

పలక మీద కొత్త వాక్యం వెలిగింది. ఆరోగ్యదర్శి మొదటిసారి మోహిత్‌ను ఒక ప్రశ్న అడిగింది.

"మీకు గర్భాశయ ముఖద్వారం ఉందా?"

"ఉందనే కదా ఇన్నాళ్లూ మొత్తుకుంటున్నాను!" అన్నాడు మోహిత్.

తలుపు తెరుచుకుంది.