చెయ్యి కుదిరిన పిల్ల

క్యాంటీన్‌లో చారు పొయ్యి ఎక్కకముందే ఫలదర్శిని దాని రుచి చెప్పేసింది. చిటికెడు ఉప్పు తగ్గించారు. కూర మాడడం, సిమెంటు పగలడం, మందు వికటించడం జనం మరిచిపోయి ఏళ్లయింది. ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో కలపకముందే ఆ యంత్రానికి తెలుసు.

ఇంద్రజ చారు ముట్టలేదు. మణికట్టుకున్న, చేతి తప్పులు లెక్కగట్టే తడబాటుమాపినే చూస్తూ కూర్చుంది.

"ఎంతకొచ్చింది?" అన్నాడు ఎదురుగా ఉన్న సాదిక్. ఇద్దరూ డిగ్రీ రెండో ఏడు. వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఈ పదార్థ పరిశోధనశాలకు వచ్చారు.

"ఎర్రగీత కిందికి."

"అయిపాయె. చెయ్యి కుదిరింది నీకు, ఇగ మూట సదురుకో. నన్ను చూడు, పొద్దుగాలనే రెండు గాజుగిన్నెలు పలగ్గొట్టిన. నా అసొంటోనికి ఈడ తిరుగులేదు!"

ఆమె నవ్వలేదు.

ఫలదర్శినికి ఒకటే లోటు. తెలిసినదాన్నుంచి తెలిసినదే చెప్పగలదు. కొత్త పదార్థం పుట్టాలంటే ఎవరో ఒకరు తెలియక తప్పు చేయాలి. మూత పెట్టడం మరిచిన ఓ ఇంటర్న్ వల్లే ఇళ్ల కప్పుల మీది చల్లదనపు పూత పుట్టింది. అందుకే ఏటా పని రాని పిల్లల్ని ఏరి తెచ్చుకుంటారు. చెయ్యి తడబడినన్నాళ్లే ఉంచుకుంటారు. కాలేజీల్లో గాజుసామాను ఎప్పుడో తీసేశారు. రసాయనాన్ని చేత్తో ముట్టుకోవాలంటే ఇదొక్కటే చోటు.

ఇంద్రజకు ఆ పని మీద ప్రాణం. జిగురుద్రవంలోకి ఆమ్లం చుక్క చుక్కగా వదలాలి. సరిగ్గా ఆపితే అది గట్టిపడి అద్దంలాంటి పలక అవుతుంది. దాటితే పాలలా విరుగుతుంది. ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు. చూసి చూసి పట్టుకుంది. అదే ఆమె కొంప ముంచింది.

మధ్యాహ్నం కావాలని ఎక్కువ పోసింది.

"కావాలని చేసినది. తప్పుల లెక్కలోకి రాదు. ఫలితం తెలిసిందే," అంది ఫలదర్శిని, ద్రవం విరగకముందే.

ఇంద్రజ గైడు కనకయ్య గదికి వెళ్లింది.

"సార్, నేర్చుకునుడు తప్పా?"

"తప్పని ఎవరన్నరు బిడ్డా."

"మరి ఉండనియ్యుండ్రి. గిన్నెలు కడుగుత."

"కడిగే యంత్రముంది." ఆయన కళ్లద్దాలు తీశాడు. "నాకు చెయ్యి కుదిరినంక నన్నూ ప్రయోగాల బల్ల కాడికి రానియ్యలే. సంతకాలకు పెట్టుకున్నరు. ఇప్పుడు ఆ కొలువులూ లెవ్వు."

"ఈ చెయ్యి పట్టుకొని ఏడికి పోవాలె సార్?"

ఆయన అద్దాలు పెట్టుకొని ఆమెను పంపే కాగితం మీద సంతకం చేశాడు.

సాయంత్రం సంచి భుజానేసుకొని బల్ల దగ్గర ఆగింది. సాదిక్ ఒక్కడే ఉన్నాడు. అతని ద్రవం మళ్లీ విరిగింది.

"ఇంద్రజా, పోయేముందు ఒక్కసారి చూపియ్యి. ఏడ ఆపుతవ్ నువ్వు?"

"నీకెందుకు?"

"ఎందుకేంది! ఒక్కటన్న మంచిగ చెయ్యాలనుండదా మనిషికి?"

ఆమె చెయ్యి ఆమ్లం వదిలే బ్యూరెట్ గొట్టం వైపు సాగింది. సగంలో ఆగింది. చూపిస్తే వీడూ బయటికే.

"నాకు తెల్వది సాదిక్. ఏదో అట్ల కుదిరింది."

అతను ఆమెను ఎగాదిగా చూశాడు.

"దాస్తున్నవ్. గింత పిసినారిదానివనుకోలే."

మొహం తిప్పుకొని కొత్త గిన్నె పెట్టాడు. చుక్కలు వదలసాగాడు. విరగబోయే ముందు ద్రవంలో సన్నటి నీలి మెరుపొకటి కదులుతుంది. ఆపవలసింది అప్పుడే. అది కదిలింది. ఇంద్రజ పెదవి కొరుక్కుంది.

సాదిక్ పోస్తూనే ఉన్నాడు.