వంటింటి కిటికీ పసుపు

చేపల బజారులో అభిరామ్ వంజరం ముక్కను ముక్కు దాకా ఎత్తి వాసన చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వింతగా చూశారు. కాకినాడలో చేపను వాసన చూసి కొనడం మానేసి ఒక తరం దాటింది. కంటికి అది అప్పుడే వలలోంచి తీసినట్టు మెరుస్తోంది. ముక్కుకు మాత్రం నిన్నటిది, కాదు, మొన్నటిది.

"కళ్ళున్నాయి కదండీ, మజ్జెన ముక్కెందుకు?" అంది అమ్మే మనిషి.

ఆ కళ్ళ మీదే అతనికి అనుమానం. చిన్నప్పుడే బడిలో అందరి కళ్ళకూ కంటిపొర అతికిస్తారు. అది ఎండ చురుకును తగ్గిస్తుంది, మబ్బు రోజున వెలుగు పెంచుతుంది, గోడ మీది బూజునూ మొహం మీది ముడతనూ సవరించి చూపిస్తుంది. బస్సు నంబర్లూ దుకాణాల బోర్డులూ దానిలోంచే కనబడతాయి గనుక తీసేవాడు లేడు. అభిరామ్ మాత్రం తైలవర్ణ చిత్రకారుడు. అరవై దాటిన ఆ మనిషికి కడిగిన గిన్నె మీది ఎండా, కరివేపాకు కొమ్మ నీడా చాలు, బొమ్మ పుట్టడానికి. ఎన్నో ఏళ్ళుగా అతను ఏ ఉదయాన్ని వేసినా ముందటి ఉదయంలాగే వస్తోంది. తన చెయ్యి మొద్దుబారిందని ఏడ్చాడు కూడా. ఇప్పుడు ఈ చేప కంపుతో ఆ ఏడుపు కోపంగా మారింది.

ఇంటికొచ్చి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పొర ఊడదీశాడు.

మొదట కళ్ళు భగ్గుమన్నాయి. తర్వాత గోడ మీద చెమ్మ కనిపించింది, కిటికీ చువ్వల మీద తుప్పు కనిపించింది. ఆ కిటికీ పక్కన పీట వేసుకుని గోంగూర ఒలుస్తున్న భార్య లహరి కనిపించింది. ఆమె చెంప మీద, మెడ మీద, ముంజేతుల మీద పల్చని బంగారు వెలుగు. పొద్దుటి ఎండ ఇంత పసుపుగా ఉంటుందని అతను మరిచేపోయాడు.

"కదలకు!"

"పొయ్యి మీద పప్పుందండీ."

"పప్పు సంగతి నేను చూస్తాను. నువ్వు కదలకు."

ఆనాటి నుంచి ప్రతి ఉదయమూ వంటింట్లో తాలింపుకు బదులు రంగుల్లో కలిపే అవిసె నూనె వాసనే. అభిరామ్‌కు వయసు వెనక్కి వచ్చినట్టుంది. బొమ్మబొమ్మకూ పసుపు కాస్త ఎక్కువ కలపవలసి వస్తోంది. వెలుగు తన కుంచెకు లొంగుతోందనుకున్నాడు.

లహరి బొమ్మ చూసి పెదవి విరిచింది. "ఇందులో విశేషమేముంది? రోజూ అద్దంలో చూసుకునే మొహమేగా."

"అదే మోసం! బొమ్మలో మొహాన్ని కూడా సవరించేస్తోంది నీ పొర. తీసి చూడు."

"నేను తియ్యనండీ. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడ్డట్టు, మీకిప్పుడు అన్నిట్లోనూ మోసమే కనబడుతోంది." ముంజేయి గోక్కుంది. తర్వాత అనుమానంగా అడిగింది. "ఇన్నేళ్ళూ ఆ పొరలోంచే నన్ను చూశారు. ముసల్దాన్ని అయిపోయానని చెప్పడానికా ఈ బొమ్మలు?"

"ఇంత అందంగా నువ్వెప్పుడూ లేవు" అన్నాడతను, మనస్ఫూర్తిగా.

ఆమె అన్నం సగంలో వదిలేస్తోందనీ, ఒళ్ళంతా దురదలంటోందనీ అతనికి తెలుసు. తెర మీదే ఆమెను పరీక్షించిన డాక్టర్ మనోజ్ఞ, "కళ్ళు తెల్లగా ఉన్నాయి, మొహం కళగా ఉందమ్మా. అజీర్తి అయ్యుంటుంది" అని మందు చెప్పింది. అభిరామ్ స్థిమితపడి మళ్ళీ కుంచె పట్టాడు. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషికి తన సంతోషం మీద మాత్రం అనుమానం రాలేదు.

తర్వాత సముద్రంలో వాయుగుండం పట్టింది. ఊళ్ళో అందరికీ పొరలు వెలుగు పెంచాయి. అభిరామ్‌కు మాత్రం వంటిల్లంతా బూడిద రంగులో కనిపించింది. ఇవాళ్టికి పని లేదులే అనుకుంటూ కుంచెలు తుడుస్తున్నాడు. లహరి అలవాటుగా కిటికీ పక్కన కూర్చుంది. ఆమె మొహం మీద పసుపు అలాగే ఉంది.

అతను బయటికి చూశాడు. ఎండ లేదు. రంగును అనుమానించి, కళ్ళు నులుముకుని, తెల్ల పింగాణీ పళ్ళెం తెచ్చి ఆమె చెంప పక్కన పెట్టాడు. పళ్ళెం మీద పసుపు లేదు. చెంప నిమ్మపండులా ఉంది.

"ఏంటండీ ఈ చోద్యం?"

"ఒక్కసారి నా వంక చూడు."

ఆమె కళ్ళెత్తింది. కంటి తెలుపులో ఎక్కడా తెలుపు లేదు. పళ్ళెం అతని చేతిలోంచి జారిపోయింది.

ఆసుపత్రిలో కూడా మనోజ్ఞ, కళ్ళు తెల్లగానే ఉన్నాయంది.

"మీ పొర తీసి చూడండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు అభిరామ్.

ఆమె విసుక్కుంటూనే తీసింది. లహరి రెప్పను వేలితో కిందికి లాగి చూసింది. విసుగు పోయి ఆమె గొంతు తగ్గింది. "కామెర్లు బాగా ముదిరాయి. లోపల ఏదో అడ్డుపడినట్టుంది. వెంటనే చేర్చాలి. కాస్త ముందొచ్చి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. ఇన్నాళ్ళూ పొర లేకుండా ఎవరూ చూడలేదా?"

చూశాడు. రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని రెప్పవెయ్యకుండా చూశాడు. ఊరందరికీ పొర అడ్డం వచ్చింది. అతనికి అది కూడా లేదు.

లహరి ఉప్పునీళ్ళు తెప్పించుకుని తన పొర తానే తీసుకుంది. అరచేతిని కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూసుకుంది.

"ఇదేనా అండీ, మీరు రోజూ వేసిన వెలుగు?"

అభిరామ్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని గోళ్ళ సందుల్లో నిన్నటి పసుపు రంగు ఇంకా అలాగే ఉంది.