చేప తల పరదేశి వైపు

"గూ మన్‌చింగ్ రేపు మధ్యాహ్నం విందులో చచ్చిపోవాలని వాళ్ళు నిర్ణయించారు," అన్నాడు తాన్, మంగలికత్తిని తోలుపట్టీ మీద నూరుతూ. "చావకూడదని మనం నిర్ణయించాం. గడ్డం కాస్త పైకెత్తు."

రూబెన్ హాక్‌స్ట్రా గడ్డం పైకెత్తాడు.

చైనాలో లాంజౌ ఊళ్ళో, పసుపు నది హ్వాంగ్‌హో ఒడ్డున, పిట్టగోడకి వేలాడదీసిన అద్దం, దాని ముందు ఓ మడతకుర్చీ. అదీ తాన్ బాబాయ్ క్షౌరశాల. ఆ కుర్చీ వెనక ఉన్న అసలు ఆఫీసు సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎదురుగా ఇద్దరు ముసలమ్మలూ ఓ కూరగాయల బండివాడూ నిలబడి, పరదేశికి గడ్డం గీస్తుంటే ఫోన్లలో వీడియో తీసుకుంటున్నారు. సంతలో కొత్తరకం ఎద్దుని చూసినట్టు.

"మెడ మీద కత్తి ఉందమ్మా, దూరం జరగండి!" అని తాన్ అదిలించాడు. మాటలు వినబడనంత దూరం జరిగారు. ఫోన్లు మాత్రం దించలేదు.

"ఎవరీ గూ మేడమ్?" పెదవులు కదపకుండా అడిగాడు రూబెన్.

"ఇంజినీరు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ఫిల్టర్ కనిపెట్టింది. ఏ పల్లెలోనైనా చేసుకోవచ్చు. ఎల్లుండి ఆ డిజైన్ ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేస్తుంది. చివరి ఫార్ములా అప్పటిదాకా ఆవిడ బుర్రలోనే ఉంటుంది. ఆవిడ పోతే అదీ పోతుంది."

"ఎవరికి కడుపుమంట?"

"నీళ్ళమ్ముకుని బతికేవాళ్ళకి. హెరాన్ ముఠాని పెట్టుకున్నారు. విషం. రంగు లేదు, వాసన లేదు. చూసేవాళ్ళకి గుండెపోటు. మనిషి ముసలిది కాబట్టి ఎవరూ అనుమానపడరు."

"నా వేషం?"

"ఎప్పటిదే. జర్మన్ చైర్మన్."

రూబెన్‌కి నోట్లో సబ్బునురగ పడ్డట్టయింది. అతను డచ్చివాడు, పాడి పశువుల మధ్య పెరిగినవాడు. జర్మనీలో ఒక్క వారం కూడా లేడు. కానీ ఈ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ ప్రారంభోత్సవమైనా వేదిక మీద ఒక తెల్లమొహం ఉండాలి. ఉంటే కంపెనీకి విదేశీ భాగస్వాములున్నట్టు లెక్క. ఆ మొహాలని అద్దెకిచ్చే ఏజెన్సీలున్నాయి. పదకొండేళ్ళలో రూబెన్ ఇటాలియన్ ఆర్కిటెక్ట్ అయ్యాడు, తెల్లకోటు వేసుకుని స్విస్ డాక్టరయ్యాడు, ఒకసారి పెళ్ళిలో పెళ్ళికొడుకు స్నేహితుడు కూడా అయ్యాడు. గూఢచారికి ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు. అందరూ అతణ్ణే చూస్తారు. ఒక్కరికీ అతను కనబడడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి రోత పుడుతుంది.

తాన్ తువ్వాలు మడతలోంచి ఒక జత చాప్‌స్టిక్స్ తీసి అతని జేబులో దోపాడు. "హెడ్డాఫీసు వాళ్ళ కొత్త గాడ్జెట్. విషం తగిలితే కొనలు నల్లబడతాయి. ముఠాలో మన మనిషి ఇలోనా, హంగేరీ అమ్మాయి. ఎనిమిదేళ్ళుగా ఈ దేశంలో అద్దెమొహాల ఏజెన్సీ నడుపుతోంది. హెరాన్ వాళ్ళ జీతం తింటూ మనకి కబుర్లు పంపుతుంది. మనవాళ్ళెవరూ ఆమెని చూడలేదు. రేపు షీయాన్ నుంచి దిగుతుంది. కోడ్ వర్డ్ చెబుతుంది."

"ఏమిటది?"

"'మీ చైనీస్ ఎంత బాగుందో!'"

రూబెన్ కుర్చీలో సగం లేచాడు. "ఆ మాట నాతో అననివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా బాబాయ్? 'నమస్కారం' అంటే చాలు, అనేస్తారు!"

"అందుకే ఎవరికీ అనుమానం రాదు లావోహే." రూబెన్ చైనా పేరు హే. పాత స్నేహితుణ్ణి పిలిచినట్టు లావోహే అని పిలిచేది తాన్ ఒక్కడే. తక్కిన ఊరంతటికీ అతను లావోవాయ్. పరదేశి. "మరి కదలకు. చెవి తెగుతుంది."

మర్నాడు హోటల్‌కి చేరేలోగా టాక్సీ డ్రైవరు ఆ కోడ్ వర్డ్ చెప్పాడు. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. లిఫ్టులో ఒకావిడ చెప్పి, చంకలో పిల్లాడి చేత కూడా చెప్పించింది. ప్రతిసారీ రూబెన్ ఉలిక్కిపడి తిరిగి చూశాడు. తర్వాత ఒళ్ళు మండింది.

లాబీలో రెండో అద్దెమొహం కూర్చుని ఉంది. జువావ్, బ్రెజిల్ డ్రమ్మరు. ఇవాళ్టికి అమెరికన్ సైంటిస్టు. రూబెన్‌ని చూడగానే మొహం తిప్పేసుకున్నాడు. రూబెన్ కూడా తిప్పేసుకున్నాడు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్న పరదేశులు ఒకరినొకరు పలకరించుకోరు. ఒక్కొక్కరు ఒక్కోలా నెట్టుకొస్తారు. కొందరు చెవుల్లో పాటలు పెట్టుకుని తిరుగుతారు, కొందరు బార్లో కూర్చుని అన్నం పెడుతున్న ఊరిని బూతులు తిడతారు. ఆ బార్లోంచి బయటికొస్తే రూబెన్‌కి స్నానం చేయాలనిపిస్తుంది. కానీ ఈ మొహం తిప్పుకోవడం మాత్రం అందరిదీ. నేనీ ఊరివాణ్ణే అని ఎంతో కష్టపడి నమ్ముకుని రోడ్డెక్కితే, ఎదురుగా ఇంకో తెల్లమొహం అద్దంలా వచ్చి నిలబడుతుంది. ఆ అద్దంలోకి చూడాలని ఎవరికుంటుంది?

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ పట్టు గౌను, భుజాల మీద రాగి రంగు జుట్టు, చేతిలో చిన్న నల్ల హ్యాండ్‌బ్యాగ్. లాబీ మొత్తం నోరు తెరిచింది. ఆమె జువావ్ వైపు చూసి చిరునవ్వుతో తల పంకించింది. రూబెన్ వైపు చూసి మళ్ళీ తల పంకించింది. దగ్గరికొచ్చి చేయి చాపింది.

"మీ చైనీస్ ఎంత బాగుందో!"

"నేనింకా నోరు విప్పలేదు," అన్నాడు రూబెన్.

ఆమె నవ్వింది. గొంతు తగ్గించింది. "ఇలోనా. హంతకుడు ఆ డ్రమ్మరే. విషం కోటు జేబులో ఉంది. మీవాళ్ళకి చెప్పండి."

రూబెన్ టై ముడి సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర వెయిటర్ వేషంలో ఉన్న తాన్‌కి సంకేతం అందింది. ఆ క్షణం నుంచీ తాన్ మనుషుల కళ్ళన్నీ జువావ్ మీదే. అయినా రూబెన్ మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది, చొక్కాలో ఇరుక్కున్న గడ్డిపరకలా.

గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే గాజు పలక. గూ మేడమ్ గుడ్డ బూట్లతో వచ్చింది. పొట్టి జుట్టు, దగ్గుబిళ్ళ చప్పరింపు. ఎడంపక్కన రూబెన్, కుడిపక్కన ఇలోనా.

"నువ్వా చైర్మన్‌వి?" అంది మేడమ్. "బక్కగా ఉన్నావే నాయనా. మా తిండి పడటం లేదా?"

"బాగా పడుతుందండీ. పొద్దున్నే బీఫ్ నూడుల్స్, కారం ఎక్కువేయించుకుని..."

"కారమే! వింటున్నారా, కారం తింటాడట!" బల్ల చుట్టూ చప్పట్లు కొట్టారు. చంటిపిల్లాడు తొలి అడుగు వేసినట్టు.

రూబెన్ జేబులోంచి గాడ్జెట్ చాప్‌స్టిక్స్ తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. పెట్టీ పెట్టగానే వెయిట్రెస్ పిల్ల పరుగెత్తుకొచ్చి వాటిని తీసేసి, రెండు చేతులతో ఫోర్కు పెట్టింది.

"అవి నావమ్మా! ఉండనీ!"

"మొహమాటపడకండి సార్," అంది జాలిగా. చాప్‌స్టిక్స్ ట్రేలో ఎక్కి వెళ్ళిపోయాయి. లక్షలు పోసి చేయించిన గాడ్జెట్ అంట్లగిన్నెల మధ్య పడింది.

ఇలోనా లేచి నిలబడింది. ఆమె చేతిలో లేతాకుపచ్చ పింగాణీ కప్పు, అంచుదాకా బైజ్యూ సారా. "మా ఏజెన్సీ కానుక. చేప తల ఎవరి వైపు ఉంటే, మొదటి గుక్క వాళ్ళది!"

విందు ఇస్తున్న ఫ్యాక్టరీ యజమాని ఫాంగ్ బల్ల చరిచాడు. "అబ్బో! మన పద్ధతులన్నీ తెలుసు ఈ అమ్మాయికి!"

పసుపు నది చేప వచ్చింది, నూనెలో వేగి, తోక పైకి లేచి. వెయిటర్ దాని తలని గూ మేడమ్ వైపు పెట్టాడు. ఊళ్ళోకెల్లా గౌరవనీయురాలు ఆవిడే. ఇలోనా కప్పు అటు చాపింది.

"ఛ ఛ, పరదేశి అతిథి ఉండగా నాకేమిటి!" అంటూ గూ మేడమ్ ఒక్క వేలితో గాజు పలకని తిప్పింది. చేప తల మెల్లగా తిరిగి రూబెన్ ఎదురుగా ఆగింది. నోరు తెరుచుకుని అతన్నే చూస్తోంది.

ఇలోనా మొహంలో రక్తం ఇంకిపోయింది.

రూబెన్ అది చూశాడు. గడ్డిపరక దొరికింది. ఇలాంటి బల్ల దగ్గర పరదేశి ఒక్కడున్నా చేప తల వాడి వైపే తిరుగుతుంది. ఎన్ని విందుల్లో ఎన్ని చేపల కళ్ళలోకి చూశాడో తను! ఎనిమిదేళ్ళు ఇక్కడున్న మనిషికి అది తెలియదా? తెలియకపోవడమే కాదు, లాబీలో ఇద్దరు తెల్లవాళ్ళకి చిరునవ్వుతో తల పంకించింది. విమానం దిగి వారం కానివాళ్ళే ఆ పని చేస్తారు.

ఈమె ఇలోనా కాదు.

తాన్ వైపు చూశాడు. తాన్ కళ్ళు డ్రమ్మరు కోటు మీద ఉన్నాయి. ఇలోనాకి కప్పుని రూబెన్ చేతిలో పెట్టక తప్పలేదు. పెట్టి, కుడిచేతిని హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోనిచ్చింది. "విషం" అని అరిస్తే ఆ బ్యాగులోంచి బయటికొచ్చేది రుమాలు కాదు. దానికి జానెడు దూరంలో గూ మేడమ్ ఉంది.

"తాగండి చైర్మన్ గారూ!" అన్నాడు ఫాంగ్.

"డాక్టర్ వద్దన్నాడండీ. కడుపులో పుండు."

"జర్మన్ డాక్టర్లకేం తెలుసు! ఒక్క గుక్కకేమవుతుంది? మా మొహం చూసి తాగండి! తాగకపోతే మమ్మల్ని మనుషుల్లో జమకట్టలేదనుకుంటాం!"

"పోనివ్వవయ్యా ఫాంగ్, దూరదేశపు బిడ్డ," అంది గూ మేడమ్. "వాడి బదులు నేను తాగుతాలే." అడిగి తీసుకున్నంత సులువుగా అతని చేతిలోంచి కప్పు లాక్కుంది. ఒకరి బదులు ఒకరు తాగడం అక్కడ పెద్దమనిషి తరహా. అందరూ చప్పట్లు కొట్టారు. ఇలోనా మొహంలోకి మళ్ళీ రంగొచ్చింది.

కప్పు ఆవిడ కింది పెదవికి తగిలింది.

రూబెన్ తాగినవాడిలా గట్టిగా నవ్వుతూ లేచాడు. పెద్దావిడ చేతిలోంచి కప్పు గుంజుకున్నాడు. ఆవిడ కుర్చీ వెనకగా వంగి, ఇలోనా బూట్ల ముందు తివాచీ మీద ఆ సారాని మెల్లగా, చివరి చుక్క దాకా ఒలకబోశాడు.

ఫాంగ్ కుర్చీలోంచి సగం లేచాడు.

అక్కడ నేల మీద సారా పోసేది చచ్చినవాళ్ళకి. బతికున్న ముసలావిడ వెనక, ఆమె తాగబోయే కప్పుని నేలకి ధారపోయడమంటే నీ తద్దినం పెట్టేశానని చెప్పడమే. ఫాంగ్ మొహం వంకాయ రంగుకి తిరిగింది. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడెవరో అన్నారు. "లావోవాయ్ కదండీ. వాడికేం తెలుసు!"

అంతే. బల్లంతా గొల్లున నవ్వింది. "నిజమే, నిజమే! పాపం, తెలీదు!" ఇలోనా కూడా నవ్వేసింది. ఈ తాగుబోతు వెధవకి ఏమీ తెలియదు. ఇంకో కప్పు నింపొచ్చు. ఆమె చేయి బ్యాగులోంచి బయటికొచ్చి సారా జగ్గు వైపు సాగింది.

నవ్వనివాడు తాన్ ఒక్కడే. అతని భార్య పోయిన దగ్గర్నుంచీ ప్రతి వసంతంలో ఆమె సమాధి ముందు అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సారా పోసేది ఈ లావోవాయే. ఒక్క చుక్క పక్కకి పోదు. వీడికి తెలియకపోవడమేమిటి? సారా ఎవరి బూట్ల ముందు పడిందో చూశాడు. రెండంగల్లో బల్ల దాటి ఆకుపచ్చ పట్టు చేతిని వెనక్కి విరిచి పట్టాడు. హ్యాండ్‌బ్యాగ్ కింద పడింది. లిప్‌స్టిక్‌లా ఉన్న బుల్లి పిస్తోలు దొర్లుకుంటూ బయటికొచ్చింది. దాని మీద తాన్ బూటు పెట్టేశాడు. ఎవరూ చూడలేదు.

"వీసా చెకింగ్," అన్నాడు అతిథులతో, ఏప్రన్ కింద నుంచి ఓ పోలీసు కార్డు తీసి ఊపుతూ. "ఇలోనా గారూ, కాస్త బయటికి రండి."

బయటికెళ్తూ ఆమె రూబెన్ వైపు చూసింది. "ఎలా?" అంది.

"లాబీలో మా ఇద్దర్నీ చూసి నవ్వావు. ఇక్కడ మనవాళ్ళు నవ్వరు."

తాన్ మనిషి అంట్ల ట్రేలోంచి చాప్‌స్టిక్స్ వెతికి తెచ్చి తడిసిన తివాచీకి ఆనించాడు. కొనలు బొగ్గులా నల్లబడ్డాయి. బల్ల మీద చేప సగం అయిపోయింది. గూ మేడమ్ తోక ముక్క చప్పరిస్తూ ఎవరికో ఫిల్టర్ గురించి చెబుతోంది. ఆవిడకి అసలేమీ తెలియదు. తెలియనివ్వకూడదని పైనుంచి ఆర్డరు.

ఆ సాయంత్రానికల్లా "తాగుబోతు పరదేశి నిర్వాకం" వీడియో ఊరంతా తిరిగింది. తాన్ చెప్పిన ఆ ఎల్లుండి మర్నాడే వచ్చేసింది. గూ మేడమ్ తన ఫార్ములా ప్రపంచానికి చదివి వినిపించింది.

అసలు ఇలోనా షీయాన్‌లో ఓ గోడౌన్‌లో కట్టేసి ఉండగా దొరికింది. ప్రాణాలతోనే. కోడ్ వర్డ్ ముఠావాళ్ళు ఆమె నుంచే రాబట్టారు. కొన్నాళ్ళకి ఆమె లాంజౌ వచ్చింది. నూడుల్స్ కొట్టు గుమ్మంలో రూబెన్ ఎదురుపడగానే మొహం అటు తిప్పుకుని విసవిసా వెళ్ళిపోయింది. ఆమె నిజమైన ఇలోనాయేనని అతను అక్కడికక్కడే నమ్మాడు.

లోపల తాన్ ఎదురుచూస్తున్నాడు. ఎర్ర కాగితం చుట్టిన పెట్టె ఒకటి బల్ల మీద జరిపాడు. "గూ మేడమ్ పంపింది. నీకు చీవాట్లు పడ్డాయేమోనని బెంగ పెట్టుకుందట. 'పద్ధతులు తెలియకపోవడం తప్పు కాదు, మెల్లగా నేర్చుకుంటావు నాయనా' అని చెప్పమంది."

రూబెన్ పెట్టె తెరిచాడు.

లోపల పట్టుగుడ్డ మీద, తళతళలాడుతూ, వెండి ఫోర్కు.