ఆయుధపూజ నాటి లాగిన్

దసరా మర్నాడు పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో సర్వర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. లోపల ప్రాణం లేదు. విద్యార్థుల మార్కులు, హాజరు, ప్రశ్నపత్రాలు, అన్నీ ఎవరో తుడిచేశారు.

నిన్నటి ఆయుధపూజ బొట్లతో అది ముత్తయిదువ చావు చచ్చింది.

సీఐ యాదలక్ష్మి వచ్చేసరికి దోషిని కూడా సిద్ధంగా ఉంచారు.

"ఇదిగో, ఈవిడే," అన్నాడు యజమాని గంగాధరరావు అల్లుడు అభిరామ్. "నిన్న సాయంత్రం ఆరూ పదికి ఈవిడ పేరుతోనే లాగిన్ అయ్యారు. సర్వర్ రికార్డులో ఉంది."

సిస్టమ్స్ చూసే సింధూర గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లు ఉబ్బిపోయాయి. అరెస్టయితే ఈ ఊళ్లో ఇంకెవరూ ఆమె చేతికి కీబోర్డు ఇవ్వరు.

"ఆరింటికి యాడున్నవమ్మా?"

"చంపాపేట్‌లో, మా ఇంట్లో మేడమ్."

"అక్కణ్నుంచే చేసింది!" అభిరామ్ అందుకున్నాడు. "పాత ఆపరేటింగ్ సిస్టమే ఉంచుదామని మొత్తుకున్నాను. ఉచితంగా దొరికే లినక్స్‌కి సెక్యూరిటీ ఏంటండీ? మామయ్యగారు విన్నారా?"

"పాతదానికి అప్‌డేట్లు ఆగిపోయాయి మేడమ్," అంది సింధూర. "లినక్స్‌లో ఎవరి అకౌంట్ వాళ్లది. ఎవరేం ముట్టుకున్నా రాసిపెడుతుంది. అందుకే ఎంచుకున్నాను."

"అదే నిన్ను పట్టించింది!" అభిరామ్ హాయిగా నవ్వాడు.

మీటింగులో అందరి ముందూ మామగారు తన మాట కాదన్నప్పటి నుంచి అల్లుడుగారు అత్తవారింట్లో పెరుగన్నం ముట్టలేదని స్టాఫ్ అప్పటికే యాదలక్ష్మి చెవిన వేశారు.

ఆమె సర్వర్ వెనక్కి వంగింది. నెట్‌వర్క్ కేబుల్ ఊడదీసింది. కొనను వేలితో రుద్దింది. వేలు ఎర్రబడింది.

"సాకెట్ల దూరి ఉండే కొనకు కుంకుమ ఎట్ల అంటింది సారూ?"

గంగాధరరావు తడబడ్డాడు. "నిన్న పొద్దున పూజకి నేనే లాగి బొట్టు పెట్టానమ్మా. ఆయుధాన్ని ఆ రోజు వాడకూడదుగా. పవర్ తీస్తే పాడవుతుందేమోనని ఈ తీగ ఒక్కటే తీశాను. ఇవాళ పొద్దున్నే మళ్లీ పెట్టేశాను."

"అంటే నిన్నంత బయటి నుంచి చీమ గూడ దీంట్లకు రాలే. చంపాపేట్ పిల్ల ఎట్లొస్తది? చేసినోడు గీ కుర్చీలనే కూసున్నడు. తాళం ఎవరి దగ్గరుండె?"

ఆయన మెల్లిగా అల్లుడి వైపు తిరిగాడు. "సాయంత్రం దీపం చూసి రమ్మని..."

"మరి పాస్‌వర్డ్?"

"సింధూరని అడిగి నేనే చెప్పాను. ఇంటి అల్లుడి దగ్గర దాస్తే ఏం బావుంటుంది?"

"నలుగురిలో నా పరువు తీశారు," అని గొణిగాడు అభిరామ్. కానిస్టేబుల్ అతని జబ్బ పట్టుకున్నాడు.

గంగాధరరావు సింధూర దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వే చేశానని ఒప్పేసుకోమ్మా. నీకింకా పెళ్లి కాలేదు, పోయేదేం లేదు. మా అమ్మాయికి అయిపోయింది."

"మళ్లొక్కసారి గట్టిగ అనుండ్రి సారూ," అంది యాదలక్ష్మి. "గది గూడ రాసుకుంట."

ఆయన చప్పున మాట మార్చాడు. "మరి సర్వర్ ఎవరు బాగుచేస్తారు? సోమవారం పరీక్ష!"

సింధూర కళ్లు తుడుచుకుని బ్యాగు భుజాన వేసుకుంది.

"అల్లుడుగారికి బెయిల్ వచ్చాక ఆయనే చేస్తారు సార్. నా పాస్‌వర్డ్ ఆయనకి తెలుసుగా."