ఆఫీసు ఫ్రీజర్‌లో ఉండిపోయిన పాలు

ఐదు నెలల పసివాడి రక్తంలో సీసం, అదే లెడ్, దొరికింది.

పుప్పాలగూడలో పద్నాలుగో అంతస్తు ఫ్లాట్. ఫిట్స్ రావడంతో బాబును ఐసీయూలో చేర్చారు. తండ్రి దినేష్ కంప్లైంట్‌లో ఒకే పేరు రాశాడు. ఆయా పోచమ్మ.

ఎస్సై నరేందర్ ఆమెను స్టేషన్‌కు పిలిపించాడు.

"బాబుకు ఏం పట్టేదానివి?"

"మేడం తన పాలు పిండి ఫ్రిజ్‌ల పెట్టినవే సార్."

"నీళ్లు? తేనె?"

"డాక్టర్ వద్దన్నడు. నా పిల్లలకు ఉగ్గు పెట్టిన గని, ఈ బాబుకు చుక్క నీళ్లు గూడ పొయ్యలే."

దినేష్ ఊరుకోలేదు. "బాటిల్ పాలల్లో లెడ్ ఉందని ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది సార్! పగలంతా ఇంట్లో ఉండేది తనే. ఇంకెవరు కలుపుతారు?"

నరేందర్ బాబు తల్లి భార్గవి వైపు తిరిగాడు. "పాలు ఇంట్లోనే పిండుతారామ్మా?"

"మధ్యాహ్నం ఆఫీసులో. మదర్స్ రూమ్ ఉంది. ఫిట్స్ అని ఫోన్ రాగానే పరిగెత్తాను. ఆ రోజు పాలు అక్కడి ఫ్రీజర్‌లోనే ఉండిపోయాయి."

"పోచమ్మ అక్కడికి ఎప్పుడైనా వచ్చిందా?"

"బ్యాడ్జ్ లేకుండా గేటు దాటనివ్వరు సార్."

నరేందర్ వెంటనే లేచాడు.

మూడు రోజులకు అందరినీ ఫ్లాట్‌లో కూర్చోబెట్టాడు. భార్గవి తల్లి ఓబులమ్మ కూడా మైదుకూరు నుంచి వచ్చి ఉంది. పోచమ్మ తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఆఫీసు పాలల్లోనూ లెడ్ ఉంది. అవి పోచమ్మ చెయ్యి తగలని పాలు. అంటే ఎవరూ కలపలేదు. తల్లి ఒంట్లోంచే వచ్చింది. భార్గవిగారి రక్తంలోనూ ఉంది. ఈ ఇంట్లో ఆవిడ ఒక్కరే తినేది ఇది. ఇందులోనూ లెడ్ తేలింది."

టీపాయ్ మీద స్టీలు డబ్బా పెట్టాడు.

"అది నేను చేసిన కాయం నాయనా!" ఓబులమ్మ కంగారు పడింది. "బాలింతకు పాలు పడాలని పసుపు, శొంఠి, బెల్లం వేసి నెలనెలా చేసి తెస్తాండా."

"అందులో పసుపు మీ చేనుదేనా?"

"మాది మాసినట్టుంటాది. నా బిడ్డకు కదా అని, అంగట్లో మెరిసేది ఏరి కొన్నా."

"ఆ మెరుపు లెడ్ కలిసిన రంగుదమ్మా. అంగడివాడి మీద కేసు పెడతాం."

"నన్ను గూడా తీసకపోతారా?" అంది ఓబులమ్మ.

నరేందర్ డబ్బా మూత బిగించి చేతిలోకి తీసుకున్నాడు.

దినేష్ గొంతు సవరించుకున్నాడు. "సారీ పోచమ్మా. బాబు రేపు ఇంటికొస్తున్నాడు. ఇక డబ్బా పాలే పట్టాలి. వస్తావా?"

"అపార్ట్‌మెంట్ గ్రూపుల నా ఫోటో పెట్టి, విషం పెట్టిందని రాస్తిరి గద సార్. ఇగ నాకు పని ఎవలిస్తరు?"

ఆమె లిఫ్ట్ ఎక్కి వెళ్లిపోయింది.

పాలిచ్చే వేళయింది. భార్గవి కుర్తా ముందుభాగం తడిసిపోతోంది. వంటింట్లోకి వెళ్లి పాలు పిండి, మొత్తం సింక్‌లో పారబోసింది. సింక్ తెల్లగా ఉండిపోయింది. ఓబులమ్మ కూతురి ముఖం చూడకుండా కొళాయి తిప్పింది.