రెక్క పట్టుకున్నవాడి మాట

"రెక్క మీంచి చెయ్యి తియ్యండి!"

అంత గట్టిగా అరుస్తానని నేనే అనుకోలేదు. తొనె నది గట్టు మీద ఆవపూలు కోసుకుంటున్న ముసలావిడ కూడా తల తిప్పి చూసింది. మా గ్లైడర్ రెక్కకి జారబడి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడ్డ అమ్మాయి మాత్రం ఏమాత్రం కంగారు పడకుండా నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"విరిగిపోతుందా?"

"విరగదు."

"మరి ఎందుకా అరుపు?"

"పొద్దున్నే దాన్ని తుడిచింది నేను కాబట్టి."

ఆ అమ్మాయి చెయ్యి తీసింది. తీసి, తన కోటు చేతితోనే ఆ చోటంతా మళ్ళీ తుడిచింది. "చూసుకోండి. మీకన్నా శుభ్రంగానే తుడిచాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణంలోనే నచ్చింది కూడా, అబద్ధమెందుకు.

పేరు ఇబుకి నెమొతో. హైస్కూలు ఇంకో పదిరోజుల్లో అయిపోతుంది. మా యూనివర్సిటీలో సీటొచ్చింది, ఎక్కడో దూరాన క్యుషూలో ఒక పైలట్ స్కూల్లోనూ వచ్చింది. అక్కడైతే డిగ్రీ గొడవ లేకుండా నేరుగా విమానం ఎక్కెయ్యొచ్చు. బుధవారంలోగా రెండింటిలో ఏదో ఒకదానికి సరే అనాలి.

"నేనెప్పుడో తేల్చేసుకున్నాను. క్యుషూనే," అంది. "మా నాన్న పోరు పడలేక వచ్చాను. సరే అనే ముందు ఒక్క ఆదివారం మీ క్లబ్బు చూసి రమ్మన్నాడు. చూశాను కదా, ఇక వెళ్ళొచ్చా?"

"మీ నాన్నగారు పైలటా?"

"రైలు డ్రైవరు."

నా పేరు టెప్పే ఇనగాకి. అప్పుడు రెండో సంవత్సరం. మా గ్లైడర్ క్లబ్బులో జనం పలచబడిపోయారు, కొత్తవాళ్ళని మంచి చేసుకుని చేర్పించే పని ఆ ఏడు నాకు అప్పగించారు. ఎంత లౌక్యంగా మొదలుపెట్టానో చూశారుగా!

"వచ్చారు కాబట్టి ఎగిరే వెళ్ళండి," అన్నాను కాస్త తగ్గి.

"ఎప్పుడు?"

"ముందు తొయ్యాలి."

"ఏం తొయ్యాలి?"

"గ్లైడర్‌ని. దీనికి ఇంజనుండదు. దిగిన చోటు నుంచి మళ్ళీ మొదటికి మనమే తోసుకు రావాలి. అవతలి చివర యంత్రం తాడు చుట్టేస్తుంది, ఆ తాడు దీన్ని పైకి లాగుతుంది."

"లాగాక ఎంతసేపు ఎగురుతుంది?"

"గాలి దయ. నాలుగైదు నిమిషాలు."

"రోజంతా తోసి, ఎగిరేది నాలుగు నిమిషాలా?" ఇబుకి నోరు వెళ్ళబెట్టింది. "మీకేమైనా పిచ్చా?"

"కొద్దిగా."

పిచ్చి అని తిట్టిన మనిషే చేతితొడుగులు అడిగి తొడుక్కుంది. అకాగి కొండ మీంచి దిగే గాలి చెవులు కోసేస్తున్నా ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. తోస్తూనే ప్రశ్నలు. తాడు మధ్యలో తెగితే ఏం చేస్తారు? గాలి అడ్డంగా కొడితే ముక్కు ఎటు తిప్పుతారు? నేను రెండేళ్ళలో అడగని ప్రశ్నలు ఒక్క పూటలో అడిగేసింది. మధ్యాహ్నానికల్లా మావాళ్ళంతా నన్నొదిలేసి ఆ అమ్మాయి చుట్టూ చేరారు. నేను కూడా చేరాను, కాకపోతే పనున్నట్టు.

భోజనాల దగ్గర షిమొదా మాస్టారిని పట్టుకుంది. ఆయన పెద్ద విమానాలు నడిపి రిటైరయ్యాక మాకు నేర్పుతున్నారు.

"మాస్టారూ, పైలట్‌కి డిగ్రీ ఎందుకండీ? మబ్బులేమైనా డిగ్రీ చూపించమంటాయా?"

మాస్టారికి తాగుతున్న టీ పొలమారింది. "అడగవమ్మా. నేను చదివింది చేపల పెంపకం. ఇన్నేళ్ళలో ఒక్క ప్రయాణికుడూ నన్ను చేపల గురించి అడగలేదు."

"అంటే వృథాయేగా!"

"ఒకసారి చెవిలో తేడా చేసి నన్ను ఏడాది పాటు ఎగరనివ్వలేదు. నాతోపాటు ఆగిపోయినవాళ్ళు కొందరు ఇల్లు కదలకుండా కుమిలిపోయారు. నేను మాత్రం చేపల చెరువుల వెంట తిరిగాను. నేల మీద కూడా నాకు ఇష్టమైనవి ఉన్నాయి కదా, నిలబడ్డాను. అది చదువు వల్లో నా స్వభావం వల్లో నాకూ తెలీదు. నీకు వద్దనిపిస్తే వద్దు."

"విన్నారా? వద్దనిపిస్తే వద్దట!" అంది నా వైపు తిరిగి. నేను మాస్టారి వైపు గుర్రుగా చూశాను. ఆయన అన్నం ముద్ద కొరుక్కుంటూ నది వైపు చూశారు.

మధ్యాహ్నం తన వంతు వచ్చింది. ముందు సీట్లో ఇబుకి, వెనక మాస్టారు. రెక్క కొస పట్టుకుని నేను.

ఎగిరే ముందు చూసిన ప్రతిదాన్నీ వేలితో చూపించి గట్టిగా పైకి అనాలి. రైళ్ళవాళ్ళ పద్ధతీ అదే. కొత్తగా వచ్చినవాళ్ళు సిగ్గుపడి గొణుగుతారు. ఇబుకి అలా కాదు. చెయ్యి చాచితే బాణమే, గొంతు నది అవతలికి వినిపించింది.

"బెల్టు, సరే! చుక్కాని, సరే! ఎత్తు ముల్లు, సరే!"

మావాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మాటలు వచ్చినప్పటి నుంచీ నాన్నతో ఆడిన ఆటట అది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. అప్పుడే తను నా వైపు చూసింది. నేను వెర్రినవ్వు నవ్వాను.

"మూత గడియ, సరే!"

తల మీది గాజు మూతకున్న ఎర్ర గడియ సగం దాకా తెరుచుకునే ఉంది.

"ఆపండి!" రెక్క కొస నేలకి దించేసి రెండు చేతులూ పైకెత్తాను. యంత్రానికి సైగ చెయ్యబోతున్నవాళ్ళు ఆగిపోయారు.

ఇబుకి ముఖంలో రంగు పోయింది. "నేను... చూపించానుగా."

"చూపించావు. వేలు గడియ మీదే ఉంది. కళ్ళు నా మీద ఉన్నాయి."

ఇంకెప్పుడైనా అయితే మావాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు. వెనక సీట్లోంచి మాస్టారు, "నేనూ చూశానమ్మా. ఎవరాపుతారా అని ఆగాను," అన్నారు నెమ్మదిగా.

అన్నీ మొదటి నుంచి చేసింది. ఈసారి ఒక్కోదాన్నీ చూసి, ఆగి, అప్పుడు అంది. నేను రెక్కతో పాటు పరిగెత్తాను, అది నా చేతిలోంచి జారి పైకి లేచేదాకా.

దిగాక కేరింతలు లేవు. నేరుగా వెళ్ళి గట్టు మీద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"క్యుషూకి కూడా మనసులో అలాగే సరే అనేసుకున్నాను," అంది. "చిన్నప్పటి నుంచీ పైలట్‌నవుతానని అంటున్నాను కాబట్టి అనేసుకున్నాను. ఇంకోవైపు తల కూడా తిప్పలేదు. మా నాన్నకి తెలిసిపోయుంటుంది. ఇప్పుడు చూస్తాను. చెప్పండి సీనియర్ గారూ, యూనివర్సిటీ ఎలా ఉంటుంది? క్లబ్బు కోసం కాకుండా నిజం చెప్పండి."

ఒక్క తీపి మాట చాలు, మనిషి ఇక్కడే ఉండిపోతుందేమో. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. పొద్దున్నుంచీ ఇంత నిజాయితీగా పని చేసిన అమ్మాయితో అలా మాట్లాడటానికి నోరు రాలేదు.

"సగం క్లాసుల్లో నిద్రొస్తుంది. క్యుషూలో అయితే నువ్వు రోజూ ఎగురుతావు, ఇక్కడ ఆదివారం నాలుగు నిమిషాలు. రెండేళ్ళు చదివాక ప్రభుత్వ విమాన కళాశాల పరీక్ష రాయొచ్చు. కానీ మావాళ్ళలో సీటు రానివాళ్ళే ఎక్కువ."

"మంచేమీ లేదా?"

"ఉంది. చదవాలని ముందెప్పుడూ అనుకోనివి ఇష్టమవుతాయి. నన్ను నదులు అలా పట్టుకున్నాయి. ఇక్కడ నువ్వు ఎగరాలంటే పదిమంది చలిలో నిలబడాలి, వాళ్ళ కోసం నువ్వూ నిలబడాలి. అది నాకు బాగుంటుంది. నీకెలా ఉంటుందో తెలీదు."

"ఇంత నిజం చెప్పి నన్ను క్యుషూ రైలెక్కించేస్తున్నారే!"

"లేదు. నువ్వు ఇక్కడే ఉండాలని ఉంది నాకు. నువ్వంటే ఇష్టం. అందుకే నా మాట లెక్కలోకి తీసుకోకు."

ఇబుకి లేచి, "మీ ముక్కు టమాటాలా ఉంది, లోపలికెళ్ళండి," అని చెప్పి బస్సు కోసం పరిగెత్తింది.

ఫోన్ నంబరు అడగలేదని బస్సు వెళ్ళిపోయాక గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మావాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

బుధవారం వచ్చింది, వెళ్ళింది. అన్నం సహించలేదు. పైలట్ అయ్యేది తను, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్నట్టు నేను!

తర్వాతి ఆదివారం తాడు సర్దుతుంటే పొట్టిగా, నీటుగా ఉన్న ఒకాయన ఎదురొచ్చి నిలబడ్డాడు.

"ఇనగాకి అంటే మీరేనా? నేను నెమొతో. మా అమ్మాయిని ఆపింది మీరేనట."

"నేనేమీ... ఉండిపొమ్మని బలవంతం చెయ్యలేదండీ."

"గడియ సంగతండీ నేననేది," అని ఆయన నడుం వంచి నమస్కరించాడు. "ఇంటికొచ్చి తనే చెప్పి ఏడ్చింది. తర్వాత రెండు చోట్లకీ ఫోన్లు చేసి అందరినీ విసిగించి తేల్చుకుంది. ఏదైనా నాకు సమ్మతమే, చూసి ఎంచుకోవాలన్నదే నా బాధ. ఆదివారాలు మధ్యాహ్నం నుంచి నాకు డ్యూటీ ఉంటుంది. సాయంత్రం తనని స్టేషన్ దాకా దిగబెడతారా?"

"ఈ ఒక్క ఆదివారమా అండీ?"

"అన్ని ఆదివారాలూ," అన్నాడాయన, ఎక్కడా నవ్వకుండా.

వెనక ఇబుకి సొంత చేతితొడుగులు తొడుక్కుంటోంది.

"ఇక్కడే రెండేళ్ళు చదువుతాను. తర్వాత ఆ పరీక్ష. రాకపోతే ఇంకో దారి వెతుక్కుంటాను. పైలట్‌ని మాత్రం అవుతాను," అంది.

"అవుతావు," అన్నాను. నాకు అనుమానమే లేదు.

"మీరు చెప్పినట్టే మీ మాట లెక్కలోకి తీసుకోలేదు. అయినా జవాబు అదే వచ్చింది." చేతితొడుగు వేళ్ళు సర్దుకుంటూ ఒక అడుగు దగ్గరకొచ్చింది. "తేలిపోయింది కదా. ఇప్పుడు ఆ మాట మళ్ళీ చెప్పండి."

చెప్పాను. గాలి హోరుకి వినపడలేదంది. పచ్చి అబద్ధం. అయినా ఇంకోసారి చెప్పాను.