అన్న ముఖంతో ఒక మధ్యాహ్నం

"ఈసారి మేకప్ అక్కర్లేదు" అన్నాడు చీఫ్ వెంకటరామయ్య.

ఏజెంట్ వీరేశానికి ఆ మాట రుచించలేదు. పదమూడేళ్ళ సర్వీసులో అతను లారీ క్లీనర్ వేషం వేశాడు, పూజారి వేషం వేశాడు, ఒకసారి చీర కట్టి మంత్రసానిగా కూడా వెళ్ళాడు. మేకప్ లేకుండా తను ఎవరిలా ఉంటాడో అతనికి బాగా తెలుసు.

"మా అన్నలాగానా సార్?"

"మీ అన్నగారిలాగే."

1994 జూన్. సంగారెడ్డిలో పురుగుమందుల డీలర్ బోర్డు వెనక డిపార్ట్‌మెంట్ ఆఫీసు. చీఫ్ గబగబా చెప్పుకుపోయాడు. పటాన్‌చెరులోని ఒక ఫ్యాక్టరీలో నేవీ కోసం ప్రత్యేకమైన ఉక్కు తయారవుతోంది. అక్కడ కొలిమి ఆపరేటర్ సంగమేశం. వీరేశం కన్నా పదకొండు నిమిషాలు ముందు పుట్టిన కవల అన్న. ఒక బాంబు డబ్బాను కొలిమిలో పడెయ్యమని విదేశీ ముఠా అతన్ని అడిగింది. అతను సరేనన్నట్టు నటించి, ఆ సంగతి నేరుగా తమ్ముడి చెవిన వేశాడు. ముఠా నాయకుడు మార్కస్ ఇవాళ మూడు గంటలకు అతన్ని రమ్మన్నాడు.

"అన్న బదులు నువ్వెళ్తావు. అక్కడ మన మనిషి కమలాకుమారి ఉంటుంది. మార్కస్ ఆమెను తన సెక్రటరీ అనుకుంటున్నాడు."

పక్కనే ఉన్న డాక్టర్ నాగరత్నం రెండు ఎమ్మారై ఫిల్ములు లైటుకు తగిలించింది. "ఇది మీ మెదడు, ఇది మీ అన్నగారిది. ముఖాలు అచ్చు గుద్దినట్టున్నా ఈ మడతలు చూడండి, ఎంత తేడానో! తల్లి కడుపులోనే మొదలైన తేడా ఇది. ఆపైన చేసే పనిని బట్టి ఇంకా పెరుగుతుంది. మీరు ఆయన కారు. జాగ్రత్త."

వీరేశానికి ఒళ్ళు మండిపోయింది. బడిలో అన్న తప్పు చేస్తే బెత్తం దెబ్బ తనకు పడింది. తల్లి ముత్యమ్మ ఇద్దరిలో ఎవరు ఎదురుపడినా "సంగా, వీరా" అంటూ రెండు పేర్లూ కలిపే పిలిచేది. నువ్వు వేరు అని ఒక్కరైనా అంటారేమోనని నలభై ఏళ్ళు ఎదురుచూశాడు. ఇప్పుడు ఒకావిడ ఫోటోతో సహా అంది. అదీ, వేరని తేలితే ప్రాణం పోయే రోజున!

మూడు గంటలకు పటాన్‌చెరులో మూతపడిన ఒక షెడ్డు ముందు నిలబడ్డాడు. చెవిలో బటానీ గింజంత రిసీవర్. చొక్కా గుండీలో మైక్. సంగారెడ్డి ఆఫీసులో సంగమేశం చెవులు రిక్కించి వింటున్నాడు.

తలుపు తీసిన అమ్మాయి నల్ల కళ్ళద్దాలు, ఎర్ర సిల్కు చీరలో మెరిసిపోతోంది. "గుమ్మడిదల బస్సు పోయిందా?"

"పోయింది. ఇగ ఆటోనే దిక్కు."

కోడ్ సరిపోయింది. కమలాకుమారి పక్కకు తప్పుకుంది.

లోపల మార్కస్ ఒక చిన్న కొలిమి దగ్గర కూర్చుని ఉన్నాడు. తెలుగు రాదు. అతని ఇంగ్లీషును కమలాకుమారి తెలుగులో చెప్పింది. "పోయిన నెల ఒక దొంగ ఏజెంట్ ఈయన్ని మోసం చేశాడట. సంగమేశం అయితే మంట చూసి వేడి చెప్పేస్తాడని విన్నాడు. ఆ ఇనుప కడ్డీ ఎంత వేడిగా ఉందో చెప్పాలి."

వీరేశం కొలిమిలోకి చూశాడు. కడ్డీ ఎర్రగా ఉంది. అంతే.

"ఎర్రగున్నది" అని గొణిగాడు.

"ఏ ఎరుపురా?" చెవిలో అన్న గొంతు.

"ఎరుపంటే ఎరుపే!"

"గట్ల జెప్తే ఎట్ల? దానిమ్మ గింజ ఎరుపా, నారింజ తొక్క ఎరుపా? మంచిగ సూడు."

మార్కస్ చెయ్యి పిస్తోలు మీదికి పోయింది. ఏం మాట్లాడుతున్నాడని అడిగాడు. "దేవుణ్ణి తలుచుకుంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పింది కమలాకుమారి.

వీరేశం పళ్ళు నూరాడు. అవే కళ్ళు, అదే రక్తం. అన్నకు నూరు ఎరుపులు కనిపించే చోట తనకు ఒక్కటే ఎందుకు కనిపిస్తోంది? "నారింజ తొక్క. అంచుల పొంటి జెర పసుపు."

"తొమ్మిది వందల యాభై అను."

అన్నాడు. మార్కస్ మీటరు చూశాడు. తొమ్మిది వందల నలభై ఐదు. పెద్దగా నవ్వి, ఒక ఇనుప డబ్బా అతని చేతిలో పెట్టి ఏదో అన్నాడు. కమలాకుమారి ముఖం పాలిపోయింది. "ఇది రేపు రెండో కొలిమికట. మొదటి దాని డబ్బా నిన్ననే తుక్కు బకెట్‌లో చేరిపోయిందట. ఇవాళ నాలుగింటికి కొలిమిలో పడుతుంది."

టైము మూడు నలభై ఆరు.

మరుక్షణం కమలాకుమారి పిస్తోలు మార్కస్ కణతకు ఆనింది. "వీళ్ళు ఫ్యాక్టరీ ఫోన్ వైర్లు కోసేశారు! మీరు వెళ్ళండి!"

వీరేశం మోటార్‌సైకిల్ ఎక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్ "సంగమేశన్నా, ఇయ్యాల లీవు గదా" అంటూనే గేటు తీశాడు. కొలిమి షెడ్డులో అరవై మంది పని చేస్తున్నారు. పైన క్రేన్ తుక్కు బకెట్‌ను ఎత్తుకుని కొలిమి వైపు కదులుతోంది.

"ఆపు! బకెట్ల బాంబున్నది!"

క్రేన్ నడిపే కొమురయ్య కిందికి తొంగిచూశాడు. బకెట్ మాత్రం ఊగుతూ ముందుకే పోతోంది. కింద తుక్కు ఏరే పోశమ్మ వీరేశాన్ని ఎగాదిగా చూసి కేక పెట్టింది. "కొమురన్నా, ఆగకు! గీయన మన సంగమేశం గాదు! మనోడు లోపలికొస్తె ముందుగాల మంట దిక్కు జూస్తడు. గీయన అందరి చేతులు జూస్తుండు. ఎవడో దొంగ!"

వీరేశం ఒక్క క్షణం నివ్వెరపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత త్వరగా ఎవరూ కనిపెట్టలేదు. కన్నతల్లి కూడా! సంతోషించడానికి టైము లేదు. బకెట్ కొలిమి అంచు దాకా వచ్చేసింది.

అన్నలా ఇంకా నటిస్తే అరవై ప్రాణాలు పోతాయి.

"నిజమే అక్కా! నేను సంగమేశం గాను. ఆయన తమ్ముణ్ణి. వీరేశం నా పేరు! ఆ బకెట్ పడితే మీరందరు సస్తరు!"

ఆ గొంతులో ఏం వినిపించిందో, పోశమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "ఆపు కొమురన్నా!"

బకెట్ తెరుచుకునే లీవర్ మీద కొమురయ్య చెయ్యి ఆగిపోయింది. గోడ గడియారంలో ముల్లు నాలుగు మీదికి వచ్చింది. బకెట్ గాలిలో అలాగే ఊగింది.

డబ్బా బయటికి తీశాక పోశమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "మీ అన్నంత మంచిగైతె లేవు గానీ, పనికొస్తవులే" అంది.

డ్యూటీలో అసలు పేరు బయటపెట్టినందుకు సంజాయిషీ కోరుతూ వారం తిరక్కుండా చీఫ్ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. వీరేశం విప్పి చూసి తల పట్టుకున్నాడు. అది సంగమేశం పేరు మీద ఉంది.